ఓయూనా, ప్రైవేటు కాలేజీనా? ఆప్షన్లు పెట్టే ముందు ఆలోచించాల్సినవి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌కు తల్లిదండ్రులు రావడం మొదలవుతుంది. "సార్, పిల్లను ఓయూల జేర్పిద్దామా, ప్రైవేట్లనా?" అని అడుగుతారు. "ఏ ఓయూ అండీ?" అని నేను తిరిగి అడుగుతాను. ఓయూ అంటే ఓయూనే గదా అన్నట్టు చూస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. హైదరాబాద్‌లో ఓయూ, అంటే ఉస్మానియా యూనివర్సిటీ, అన్న ఆ ఒక్క పేరు కింద మూడు వేరు వేరు చదువులు నడుస్తున్నాయి. మూడింటినీ ఒక గాటన కట్టేస్తే ఆ తర్వాత ఎంత లెక్క వేసుకున్నా తప్పే వస్తుంది.

మూడు ఓయూలు

మొదటిది అందరికీ తెలిసిన క్యాంపస్. తార్నాక, విద్యానగర్, మాణికేశ్వర్ నగర్ మధ్య పరుచుకున్న నేల, మధ్యలో గులాబీ రంగు రాతి ఆర్ట్స్ కాలేజీ. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం ఇది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో పూర్తయింది. ఫొటో దిగడానికి బాగుంటుంది గానీ, ఇంటర్ పాసైన పిల్ల బీకాంలోనో బీఏలోనో చేరితే ఆ మెట్లు ఎక్కే అవసరం దాదాపు రాదు. క్యాంపస్‌లో ఎక్కువగా ఉన్నవి పీజీ విభాగాలు, పరిశోధన. ఇంటర్ తర్వాత నేరుగా వెళ్లే ప్రధాన దారి ఇంజనీరింగ్, టెక్నాలజీ కాలేజీలే.

రెండోది, క్యాంపస్ బయట ఉన్న యూనివర్సిటీ సొంత కాలేజీలు. బషీర్‌బాగ్‌లో 1887 నాటి నిజాం కాలేజీ, సైఫాబాద్ సైన్స్ కాలేజీ, సికింద్రాబాద్ పీజీ కాలేజీ ఇలాంటివి. కోఠీ ఉమెన్స్ కాలేజీని కూడా చాలామంది ఇందులోనే కలిపేస్తారు. అది 2022లోనే విడిగా మహిళా విశ్వవిద్యాలయం అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉంది. అక్కడ చేరితే పట్టా మీద ఉండేది ఓయూ పేరు కాదు. ఇందులో చిన్నతనమేమీ లేదు, తెలిసి చేరితే చాలు.

మూడోది అన్నిటికంటే పెద్దది: అనుబంధ కాలేజీలు. జంట నగరాల్లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ వందల కొద్దీ ఉన్నాయి. షట్టర్ల పైన రెండంతస్తుల్లో నడిచే డిగ్రీ కాలేజీ ఇచ్చే పట్టా మీదా ఓయూ ముద్రే ఉంటుంది. ఇంజనీరింగ్‌లో పేరున్న సీబీఐటీ, వాసవి కూడా ఓయూ అనుబంధ కాలేజీలే. అంటే "ఓయూనా, ప్రైవేటా" అని అడిగే తండ్రి చాలాసార్లు ఓయూకి ఓయూకి మధ్యే ఎంచుకుంటున్నాడు. సాంకేతిక విశ్వవిద్యాలయం జేఎన్‌టీయూ కథా ఇదే. కూకట్‌పల్లి క్యాంపస్ వేరు, ఆ పేరు తగిలించుకున్న ఊరి చివరి కాలేజీ వేరు.

కాబట్టి యూనివర్సిటీ పేరు పక్కన పెట్టి, ఏ కాలేజీ, ఏ డిపార్ట్‌మెంట్ అన్నది కాగితం మీద రాసుకోండి. ఇక నుంచి నేను "యూనివర్సిటీ" అన్నప్పుడల్లా క్యాంపస్, దాని సొంత కాలేజీల గురించే.

డబ్బు లెక్క

ముందు ఇదే మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇంట్లో రాత్రి మాట్లాడుకునేది ఇదే. ఇంజనీరింగ్‌లో పేరున్న ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే) సీటుకే ఏడాదికి లక్షన్నర దాకా, కొన్నిచోట్ల అంతకు మించి ఉంది. ప్రభుత్వం ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అంటారు. ఎంతవరకు వస్తుందో చూడండి. ఆదాయ పరిమితి లోపున్న ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మొత్తం వస్తుంది. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) పిల్లలకు ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ ఈఏపీసెట్‌లో ర్యాంకు 10 వేల లోపుంటే మొత్తం, దాటితే ఏడాదికి 35 వేల దాకా. ఇదీ ఇప్పటిదాకా నడిచిన పద్ధతి. లక్షన్నర ఫీజున్న చోట 35 వేలు పోను మిగిలేది లక్షా 15 వేలు. నాలుగేళ్లకు 4 లక్షల 60 వేలు. దీని మీద కాలేజీ బస్సు, పరీక్ష ఫీజు, "స్కిల్ ట్రైనింగ్" పేరుతో అడిగేది వేరే.

ఇంకో సంగతి ప్రాస్పెక్టస్‌లో కనపడదు. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ సకాలంలో రాదు. బకాయిలు పేరుకుపోయి కాలేజీలు బంద్ చేసిన సందర్భాలు చూశాం. అలాంటప్పుడు ప్రైవేటు కాలేజీ ఏం చేస్తుంది? "మీరు ముందు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం" అంటుంది. లేదంటే మార్కుల మెమో ఆపుతుంది. యూనివర్సిటీ కాలేజీలో రెగ్యులర్ సీటు ఫీజే తక్కువ కాబట్టి బకాయి పడ్డా ఇల్లు తలకిందులు కాదు. ఈ ఒక్క కారణానికే, చేతిలో పైసల్లేని ఇంటికి యూనివర్సిటీ సీటు వస్తే నేను రెండో మాట మాట్లాడను.

ఒక జాగ్రత్త చెప్పాలి. యూనివర్సిటీలోనూ సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులున్నాయి. అదే భవనం, అదే పేరు, ఫీజు మాత్రం వేరు. ఆప్షన్ పెట్టేటప్పుడు కోర్సు కోడ్ పక్కన ఫీజు చూడకపోతే చేరే రోజు కళ్లు తిరుగుతాయి.

2018 చట్టం తర్వాత వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీలు ఇంకో జాతి. ఫీజు వాళ్ల ఇష్టం, ప్రవేశం కూడా చాలావరకు వాళ్ల పద్ధతే. రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడే కుటుంబం ఆ గేటు దాకా వెళ్లే ముందు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఆ సంస్థ పేరు ఉందో లేదో చూసుకోవాలి.

పాఠం ఎవరు చెబుతారు

ఇక్కడ యూనివర్సిటీని వెనకేసుకు రావడం కష్టం. ఏళ్ల తరబడి నియామకాలు సరిగా జరగలేదు. ప్రొఫెసర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, సగం బండిని కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులు లాగుతున్నారు. వాళ్లలో పీహెచ్‌డీ చేసి, అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్ పాసై, మనసు పెట్టి చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ఉద్యోగం పర్మినెంట్ కాని మనిషి ధర్నాకు కూర్చుంటే ఆ వారం క్లాసు ఉండదు. ఆ ధర్నాలో న్యాయం ఉందా అంటే ఉంది. మీ అమ్మాయి సిలబస్ వెనకపడుతుందా అంటే అదీ నిజమే.

ప్రైవేటులో క్లాసు జరుగుతుంది. బెల్లు కొడితే ఎవరో ఒకరు వస్తారు. ఆ వచ్చే వ్యక్తి నిరుడు అదే కాలేజీలో బీటెక్ పాసైనవాడా, పదేళ్లుగా అదే సబ్జెక్టు చెబుతున్న మనిషా అన్నది వేరే ప్రశ్న. జీతాలు తక్కువిచ్చే చోట ప్రతి సెమిస్టర్‌కీ ముఖాలు మారుతుంటాయి. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్‌ను కాదు, మూడో ఏడాది పిల్లల్ని అడగండి: "మీకు ఫస్టియర్‌లో చెప్పిన సార్లు, మేడమ్‌లు ఇప్పుడూ ఉన్నారా?" సగం మంది లేరంటే ఆ కాలేజీ బోర్డు ఎంత మెరిసినా అనుమానించాల్సిందే.

పీజీకి, పరిశోధనకు లెక్క తిరగబడుతుంది. సైన్స్ పిల్లలకు ఓయూ క్యాంపస్ పొరుగే ఒక ఆస్తి. తార్నాక, హబ్సిగూడ వైపు సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి జాతీయ పరిశోధన సంస్థలు వరసగా ఉన్నాయి. భాషలవాళ్లకు గోడ అవతలే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. ప్రాజెక్టు కోసం, సెమినార్ కోసం నడిచి వెళ్లగల దూరంలో ఇన్ని సంస్థలున్న ప్రైవేటు కాలేజీ నగరంలో నాకు కనపడలేదు. అయితే వెళ్లమని ఎవరూ చెప్పరు. తలుపు తట్టాల్సింది పిల్లలే.

ఎమ్మెస్సీ, ఎంఏ అనుకునేవాళ్లు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. 1974లో ఏర్పడి, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న ఈ యూనివర్సిటీ కేంద్రానిది. సీట్లు తక్కువ, క్లాసులు చిన్నవి, ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులూ ఉన్నాయి. దారి మాత్రం ఇక్కడి పీజీ ఎంట్రెన్స్ సీపీగెట్టో, డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్తో కాదు, జాతీయ ఎంట్రెన్స్ సీయూఈటీ. ఆ దరఖాస్తు గడువు ఇక్కడి హడావుడి మొదలయ్యే లోపే దాటిపోతుంటుంది, అందుకే చాలామంది మన పిల్లలకు అదొక దారని గుర్తుకొచ్చేసరికి ఆలస్యమవుతుంది.

పరీక్షలు, మెమోలు, ఆఫీసు కిటికీ

అనుబంధ కాలేజీల పిల్లలందరి పరీక్షలూ ఒక్క చోటు నుంచి నడిపితే ఏమవుతుందో ఓయూ ఎగ్జామినేషన్ బ్రాంచ్ ముందు ఒక పూట నిలబడితే తెలుస్తుంది. రీవాల్యుయేషన్, మెమోలో పేరు తప్పు, ప్రొవిజనల్, మైగ్రేషన్... ప్రతి పనికీ ఓ దరఖాస్తు, ఓ చలానా, ఓ "రేపు రండి". ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్ అయింది, ముందున్నంత టెన్షన్ లేదు. అయినా బయటి ఉద్యోగం జాయినింగ్ తేదీ దగ్గర పడ్డప్పుడు ఆ ఒక్క కాగితం కోసం తిరగడం తప్పకపోవచ్చు.

అటానమస్ కాలేజీలు ఈ విషయంలో మేలు. ప్రశ్నపత్రం వాళ్లదే, దిద్దేది వాళ్లే, ఫలితం త్వరగా వస్తుంది. మార్కులు కూడా ధారాళంగా పడతాయని బయట అనుకుంటారు, పూర్తిగా అబద్ధం కాదు. పీజీ ఎంట్రెన్స్‌లో ఆ మార్కులు అక్కరకు రావు కాబట్టి దీనికి నేను పెద్ద విలువ ఇవ్వను.

క్యాంపస్ నేర్పే చదువు

నన్నడిగితే యూనివర్సిటీకి వెళ్లడానికి అసలు కారణం ఫీజు కాదు, మనుషులు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు పిల్లాడు, పాతబస్తీ అమ్మాయి, నాగర్‌కర్నూల్ రైతు బిడ్డ, ఒకే బెంచీ మీద కూర్చునే చోటు అది. ప్రైవేటు కాలేజీలో ఫీజే ఒక వడపోత, ఒకే తరహా ఇళ్ల పిల్లలు చేరతారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల యూనివర్సిటీలో తన యాసను దాచుకోనక్కర్లేదు. ఆర్ట్స్, సోషల్ సైన్సెస్‌లో తెలుగులో పరీక్ష రాసేవాళ్లు పక్కనే ఉంటారు. ఇంజనీరింగ్‌లో ఆ సౌకర్యం లేదు, మొదటి సెమిస్టర్ ఇంగ్లిష్‌తో కుస్తీయే.

1969లోనూ, 2009 తర్వాతా తెలంగాణ ఉద్యమానికి ఊపిరి ఈ క్యాంపస్ నుంచే అందింది. విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా లేకపోయినా సంఘాలున్నాయి, మీటింగులున్నాయి, బంద్‌లున్నాయి. దీనికి భయపడే తల్లిదండ్రులు ఎక్కువ. నాకు మాత్రం ఇరవై ఏళ్ల పిల్ల ఒక కరపత్రం చదివి దాంతో విభేదించడం నేర్చుకుంటే నష్టమేమీ కనపడదు. ఒక కేసు మెడకు చుట్టుకుంటే పాస్‌పోర్టు దగ్గర, ప్రభుత్వ ఉద్యోగం వెరిఫికేషన్ దగ్గర ఇబ్బంది వస్తుందని మాత్రం పిల్లలకు ముందే చెప్పి పంపండి.

ఇక లైబ్రరీ. క్యాంపస్ మెయిన్ లైబ్రరీలోనూ, చుట్టుపక్కల చెట్ల కింద కూడా గ్రూప్స్, ఎస్సై, డీఎస్సీకి చదివేవాళ్లు టిఫిన్ బాక్సుతో సహా దిగుతారు. ఒక సీనియర్ నోట్సు, ఇంకొకరి టెస్ట్ సిరీస్, మూడోవాళ్ల అనుభవం అన్నీ ఉచితం. ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ అమ్మే దాంట్లో సగం ఇక్కడ గాలిలోనే దొరుకుతుంది.

ఈ గాలికి ఇంకో గుణమూ ఉంది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ముప్పై దాటిన వాళ్లు ఆ చెట్ల కిందే కనపడతారు. ఒక పీజీ అయ్యాక హాస్టల్ కోసం ఇంకో పీజీ, దాని తర్వాత ఇంకోటి. వాళ్లను తప్పుపట్టలేం, నోటిఫికేషన్లు వేసేది వాళ్లు కాదు. కానీ మీ పిల్లవాడు ఆ దారిలో వెళితే ఎన్నేళ్లు అన్నది చేరే ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. మధ్యలో ఆ మాట ఎత్తితే గొడవే.

ప్లేస్‌మెంట్ల హోర్డింగులు

ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా ఏ ఫ్లైఓవర్ చూసినా ఎవరో ఒక పిల్లవాడి ఫొటో, పక్కన పెద్ద ప్యాకేజీ. ఆ పిల్లవాడు నిజమే, ఆ ప్యాకేజీ కూడా నిజమే కావచ్చు. మీరు అడగాల్సింది నూరో పిల్లవాడి గురించి. "మీ బ్రాంచిలో మొత్తం ఎంతమంది, ఎందరికి ఆఫర్ లెటర్ వచ్చింది, వరసలో సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం ఎంత?" జవాబు చెప్పకుండా కంపెనీల లోగోలు చూపిస్తే సంగతి అర్థం చేసుకోండి.

ఓయూ, జేఎన్‌టీయూ క్యాంపస్ ఇంజనీరింగ్ కాలేజీల్లో సీఎస్‌ఈ (కంప్యూటర్), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) పిల్లలకు కంపెనీలు వస్తాయి, ఆ సీట్లకు పోటీ కూడా అందుకే. సివిల్, మెకానికల్‌లో ప్రభుత్వమూ ప్రైవేటూ రెండుచోట్లా ఇబ్బందే, పిల్లలు గేట్ పరీక్ష వైపో సాఫ్ట్‌వేర్ వైపో మళ్లుతున్నారు. మంచి ప్రైవేటు కాలేజీలు ఇక్కడ ముందుంటాయని ఒప్పుకోవాలి. రెజ్యూమె రాయించడం నుంచి మాక్ ఇంటర్వ్యూ దాకా వెంటపడి చేయిస్తాయి. యూనివర్సిటీలో ఆ వెంటపడే మనిషి ఉండడు.

ఇక ప్రచారాల్లో అడోబీ కంపెనీని నడిపిన శంతను నారాయణ్, ఆర్‌బీఐ మాజీ గవర్నర్ వై.వి.రెడ్డి, కవి సినారె పేర్లు వినపడతాయి. ముగ్గురూ ఓయూ నుంచి వెళ్లినవాళ్లే. ఇవాళ్టి డిపార్ట్‌మెంట్‌లో ల్యాబ్ తాళం తీసి ఉందో లేదో ఆ పేర్లు చెప్పవు.

రాకపోకలు, హాస్టల్

సిటీలో ఇల్లున్న ఆడపిల్లకు ఆర్టీసీ సిటీ బస్సు 2023 డిసెంబర్ నుంచి ఉచితం, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. అబ్బాయికి స్టూడెంట్ పాస్. తార్నాక మెట్రోలో దిగినా ఆర్ట్స్ కాలేజీ ఇంకా దూరమే, అక్కణ్నుంచి ఆటోయో నడకో. ఊరి చివరి ప్రైవేటు కాలేజీకి రోజూ బస్సులో పోయే గంటలను కూడా ఖర్చు కిందే రాసుకోండి.

హాస్టల్ విషయంలో గట్టిగా చెబుతాను: సీటు వచ్చింది కదా, హాస్టల్ కూడా వస్తుందనుకోవద్దు. పీజీ పిల్లలకే చాలని పరిస్థితి, డిగ్రీ పిల్లలకు ఇంకా కష్టం. ఎండాకాలం నీళ్ల గురించి, మెస్ భోజనం గురించి జరిగే ఆందోళనలు పేపర్లో చూస్తూనే ఉంటాం. జిల్లాల నుంచి పంపేవాళ్లు విద్యానగర్, నల్లకుంట, తార్నాక ప్రైవేటు హాస్టళ్ల ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. లేకపోతే తక్కువ ఫీజన్న లాభం నెలనెలా అందులోనే కరిగిపోతుంది.

ఎవరికి ఏది

ఈ లెక్కలన్నీ అయ్యాక నేను తల్లిదండ్రులను ఒకటి అడుగుతాను: "ఎవరూ చదవమని చెప్పని రోజు మీ పిల్ల ఏం చేస్తుంది?" ప్రైవేటు కాలేజీ బంతి భోజనం. కూర్చుంటే విస్తట్లోకి వడ్డిస్తారు, వద్దన్నా ఇంకో గరిటె వేస్తారు. యూనివర్సిటీలో వంటకాలు ఎక్కువే, ప్లేటు పట్టుకుని లేవాల్సింది మనమే. "సార్, మావాడు నెత్తిమీద నిలబడితే గానీ పుస్తకం ముట్టడు" అనే ఇంటికి, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, అటానమస్ ప్రైవేటు కాలేజీయే మంచిదని చెబుతాను. హాజరు తగ్గితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, అదొక ఊరట.

ఇంజనీరింగ్‌లో ఓయూ లేదా జేఎన్‌టీయూ క్యాంపస్‌లో కోరుకున్న బ్రాంచి వస్తే పెద్దగా ఆలోచించకండి, చేరండి. కోరుకోని బ్రాంచి క్యాంపస్‌లోనూ, కోరుకున్నది మంచి ప్రైవేటులోనూ వస్తే? నేను బ్రాంచి వైపే. నాలుగేళ్లు ఇష్టం లేని సబ్జెక్టు చదవడం ఏ ఆర్ట్స్ కాలేజీ నీడా తీర్చలేని బాధ. బీకాం, బీబీఏ చదివి వెంటనే ఉద్యోగం కావాలంటే పేరున్న అటానమస్ డిగ్రీ కాలేజీ. వీటిలో కొన్ని దోస్త్ బయటే ఉంటాయి, విడిగా దరఖాస్తు చేయాలి. బీఏ చదివి సివిల్స్, గ్రూప్స్ అంటే నిజాం. సైన్స్‌లో లోతుకు వెళ్లాలనుకునే పిల్ల డిగ్రీ ఎక్కడ చేసినా పీజీకి క్యాంపస్‌కో సెంట్రల్ యూనివర్సిటీకో రావాలి. ఇక రెండంతస్తుల అద్దె భవనంలో నడిచే అనుబంధ కాలేజీ, అది ఇంటి పక్కనే ఉందన్న ఒక్క కారణంతో అయితే, ఎవరికీ వద్దు.

చేరే వారంలో

దోస్త్‌లో గానీ ఈఏపీసెట్‌లో గానీ వెబ్ ఆప్షన్ల వరసే మీ తలరాత. "ఇది ఎలాగూ రాదులే" అని మంచి కాలేజీని కింద పెట్టకండి, పైన పెడితే పోయేదేమీ లేదు. నెట్ సెంటర్ అబ్బాయి చేతికి పాస్‌వర్డ్ ఇచ్చి టీకి వెళ్లకండి. సీటు అలాట్ అయ్యాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నానని ఆన్‌లైన్‌లో ఖరారు) చేయకపోతే ఆ సీటు పోతుంది. ఈఏపీసెట్‌లో కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు, "అదే కాలేజీ కదా సార్" అంటే కుదరదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ చెప్పింది. అయినా అడిగే కాలేజీలున్నాయి. వెరిఫికేషన్ అయ్యాక అక్కడికక్కడే తిరిగి తీసుకోండి. ఒకవేళ ఇవ్వక తప్పకపోతే ఏమేం ఇచ్చారో రాయించి, స్టాంపు వేసిన రసీదు చేతికి వచ్చాకే కౌంటర్ వదలండి.